పది నలభై పాస్

మా ఆఫీసు వాళ్ళు ఏటా తెచ్చే చిన్న పుస్తకానికి ఏదైనా రాయమని ఒక అమ్మాయి ఫోన్ చేసింది. చాలా మర్యాదగా మాట్లాడింది. "మీ అచీవ్‌మెంట్స్ రాయండి సార్, కొత్తగా చేరినవాళ్ళకి ఇన్‌స్పైరింగ్‌గా ఉంటుంది" అంది. అచీవ్‌మెంట్స్ రాయడానికి పెద్ద కుర్చీల్లో కూర్చుని రిటైరైనవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ దగ్గర శాలువా కప్పించుకున్న ఫోటోలు కూడా ఉంటాయి. నేను ముప్పై ఏళ్ళకు పైగా చేసిన పని రెండే రెండు ముక్కలు. ఏ ఉపగ్రహం ఏ రోజు ఏ నేలని చూడాలో ప్లాన్ వేయడం ఒకటి. అది చూసి చెప్పింది నిజమో కాదో సరిచూడడం రెండోది. ఈ రెండూ బాగా జరిగిన రోజున మేం ఉన్నామని కూడా ఎవరికీ గుర్తుండదు. చెడిపోయిన రోజున మాత్రం బాగా గుర్తుంటుంది. అందుకని చెడిపోయిన రోజు గురించే రాస్తున్నాను. ఇన్‌స్పైర్ కాకపోతే నన్ను తిట్టుకోకండి, ఆ అమ్మాయిని అసలే తిట్టకండి.

మా ప్లానింగ్ గదికి కిటికీ లేదు. దేశం మొత్తాన్ని చూసే గదికి కిటికీ లేకపోవడమేమిటని చేరిన రోజున నవ్వుకున్నాను. తర్వాత అలవాటైపోయింది. బయట ఎండో వానో తెలియాలంటే గోడ మీద స్క్రీన్‌లో మబ్బుల పటం చూసేవాళ్ళం. గదిలో షిఫ్టుకి ఇద్దరం, ఒక్కోసారి ఒక్కడినే. నేను చేరిన కొత్తల్లో మాకున్నవి రెండు ఉపగ్రహాలు. ఉద్యోగం ముగిసే నాటికి ఒక చిన్న మంద తయారైంది. ఒకటి పంటలు చూస్తుంది, ఇంకొకటి అడవులు, ఇంకొకటి కావాలంటే పక్కకి వంగి మనం చెప్పిన చోటుని మరింత దగ్గరగా చూస్తుంది. వాటికి పని పంచడం నా వంతు. ఎవరికి ఏ పాస్, ఎన్ని నిమిషాలు, ఎటు వంపు అని. పాస్ అంటే అది మన నెత్తి మీదుగా వెళ్ళే ఆ కాసేపు. మా మందలో చాలావాటికి అది పగలు పదిన్నర, పదకొండు మధ్య. ఇళ్ళల్లో పెళ్ళి ముహూర్తాలన్నీ ఆ వేళకే ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా ఇంటి పెళ్ళిళ్ళలో ఒక్క ఫోటోలోనూ నేను లేను. మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఈ మాట అనేది. ఇప్పుడు అనేవాళ్ళు లేరు. సైదాబాద్‌లో మూడు గదుల ఇంట్లో ఒక్కణ్ణే ఉంటున్నాను. పగలు పది నలభై కాగానే మాత్రం తెలియకుండానే గడియారం వైపు చూస్తాను.

మాది పాల ఇల్లు. ఫలక్‌నుమాలో మా తాత నాటి నుంచి బర్రెలు ఉన్నాయి. ఇళ్ళు ఒకదాని మీద ఒకటి లేచి, కొట్టానికి చోటు లేకుండా పోయాక మా అన్న బర్రెలను జల్‌పల్లి వైపు చెరువు దిగువకి తీసుకుపోయాడు. అన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద. బాపు పోయాక నన్ను చదివించింది ఆయనే. తను ఏడో తరగతిలోనే పలక పక్కన పడేసి పాల క్యాను ఎత్తుకున్నాడు. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మొదటి ప్రశ్న ఆయనే వేశాడు. "గా మీదున్న మిషిని చెప్పింది నిజమని మీకెట్ల తెలుస్తదిరా?" అని. మా డిపార్ట్‌మెంట్‌లో చాలామంది పీహెచ్‌డీలకి ఆ ప్రశ్న తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పాల చిక్కదనం చూసే గాజుపుల్ల మా కొట్టంలోనే ఉండేది. "అన్నా, పాలను ఈ పుల్లతో చూస్తవు గదా. ఈ పుల్లనే తప్పయితే? దాన్ని మంచినీళ్ళల్ల పెట్టి సున్న చూపెడుతుందా లేదా చూడాలె. మా పని గంతే" అని చెప్పాను. నిజానికి అంతే. ఉపగ్రహం ఒక పొలాన్ని చూసి ఇంత వెలుగు వచ్చింది అంటుంది. అదే వేళకి మన మనిషి ఒకడు నేల మీద నిలబడి, ఎంత వెలుగు వెనక్కి తిరుగుతోందో కొలుస్తాడు. రెండూ కలిస్తే సరి. కలవకపోతే ఉపగ్రహం లెక్క దిద్దాలి. పాసులో ఆ చోటు మీదుగా వెళ్ళేది కొన్ని సెకన్లే కాబట్టి కింద మనిషి, పైన మిషన్ ఒకే క్షణంలో ఒకే నేలని చూడాలి. అందులో ఒకరు చూడకపోతే రెండోవారు చూసింది దేనికీ పనికిరాదు.

అన్నకి నేను చేసిన అపకారం ఒకటుంది. ఒకసారి ఉపగ్రహం తీసిన జల్‌పల్లి బొమ్మ ఒకటి ప్రింటు తీసి ఇంటికి తీసుకెళ్ళాను. మా కొట్టం అందులో రెండు బూడిదరంగు చుక్కలు. "ఇదే నీ కొట్టం" అని వేలు పెట్టి చూపించాను. ఆ మర్నాటి నుంచి ఆయన గల్లీలో అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు, మా తమ్ముడు మీదికెల్లి రోజూ మా బర్రెలను చూస్తడని. మా బొమ్మల్లో మనిషే కనబడడు, బర్రె ఎక్కడ కనబడుతుంది? కానీ నేను కాదనలేదు. హోటల్లో చాయ్ తాగుతుంటే తెలియనివాళ్ళు కూడా "సాబ్, ఆప్ ఊపర్ సే దేఖ్తే నా?" అని మర్యాదగా జరిగి చోటిచ్చేవాళ్ళు. అది బాగుండేది. ఆఫీసులో నాకు ఎవరూ చోటివ్వరు కదా. అందుకని కాస్త మీసం మెలేస్తూ, "ఆ, పైనుంచి చూస్తాం" అనేవాణ్ణి.

ఇక నేల మీద నిలబడే మనిషి గురించి చెప్పాలి. మా కొలతల విభాగంలో ఒక పెద్దాయన ఉండేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. కర్ణాటకలో వాన తక్కువ పడే చోట మాకొక ఎండు మైదానం ఉంది. చెట్టూ పుట్టా లేని చదును నేల. ఏటా కొన్ని వారాలు ఆయన అక్కడే మకాం. వెంట ఒక తెల్ల పలక తీసుకెళ్ళేవాడు. నేల వెలుగుని దానితోనే పోల్చి కొలవాలి. చేతి వేలు తగిలినా ఆ తెలుపు చెడుతుందని దాన్ని బాలింత పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. ఆ పలక దగ్గరికి తెల్లచొక్కాతో వెళ్ళకూడదు. చొక్కా మెరుపు పలక మీద పడి కొలత తప్పుతుంది. అందుకని నల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని, ఎర్రటి ఎండలో, పలక మీదికి దుమ్ము లేవకూడదని చెప్పులు లేకుండా నడిచేవాడు. ఊళ్ళోవాళ్ళు అది అయ్యప్ప దీక్ష అనుకుని "స్వామీ" అని దండం పెట్టేవాళ్ళు. ఆయన ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. మొదట్లో కాదని చెప్పి చూశాడట. తర్వాత విసిగిపోయి "స్వామి శరణం" అని చెయ్యెత్తి ముందుకి నడిచేవాడు. ఈ కథ ఆయన చెబితే ఎన్నిసార్లయినా పడీ పడీ నవ్వేవాళ్ళం.

ఆ ఏడు ఆయన రిటైర్ అవుతున్నాడు. కొత్తగా పైకి వెళ్ళిన ఉపగ్రహానికీ పాతదానికీ పొత్తు కుదరడం లేదు. ఒకే చేను చూసి పాతది పచ్చగా ఉందంటుంది, కొత్తది పాలిపోయిందంటుంది. తప్పు కొత్తదానిదేనని పెద్దాయన వాదన. పాతది ముసలిదైపోయింది, తప్పు దానిదేనని కుర్రాళ్ళ వాదన. ఆ వాదనలో ఆయన పాతదాని గురించే మాట్లాడుతున్నాడో, తన గురించే మాట్లాడుతున్నాడో ఒక్కోసారి తెలిసేది కాదు. తేల్చడానికి ఆ మైదానం మీద, పక్కకి వంగి చూసే ఆ కొత్తదాని మంచి పాస్ ఒక్కటి కావాలి. ఆ నెలాఖరుకి ఆయన ఉద్యోగం అయిపోతుంది. పదకొండు రోజుల నుంచి మైదానం దగ్గరి లాడ్జిలో కూర్చున్నాడు. వచ్చిన రెండు పాసులూ మబ్బులో పోయాయి. ఇంక మిగిలింది ఒకటే, పది నలభైది.

ఆ పాస్‌కి ముందు రెండు రోజులు హైదరాబాద్‌లో కుండపోత. నేను తెల్లవారుజామున ఆఫీసు బండిలో డ్యూటీకి వెళ్ళిపోయాను. కిటికీ లేని గదిలో కూర్చుంటే వాన చప్పుడు కూడా వినబడదు. స్క్రీన్ మీద చూస్తే నగరం లేదు. దాని చోట తెల్లటి ముద్ద ఒకటి ఉంది. కర్ణాటక వైపు మాత్రం తేట.

ఎనిమిదీ పదికి అన్న ఫోన్ చేశాడు.

"తమ్మీ, డ్యూటీల ఉన్నవా?"

"ఉన్ననే. ఏంది, ఎట్లున్నది అక్కడ?"

"వదినెను, పిల్లలను ఫలక్‌నుమాకు తోలిచ్చిన. నేను కొట్టం కాడ ఉన్న. మా మీదున్న చెరువు నిండిందట. కట్ట తెగుతదని ఒకడంటడు, తెగదని ఒకడంటడు. మస్తు లొల్లి అయితుంది." వెనక వాన, బర్రెల అరుపు. "మీదికెల్లి ఏమన్న కనబడుతుందా?"

ఇక్కడ నేను చెప్పాల్సిన మాట ఒకటే. కనబడదు అన్నా, మబ్బుంది, మా మిషన్లు మబ్బులోంచి చూడలేవు. చూడగలిగే రకం ఒకటి ఉంది గానీ అది రేపు పొద్దున దాకా మన మీదికి రాదు. ఇంతే. చాయ్ కాగేలోపు చెప్పగల మాట. కానీ ఇన్నేళ్ళు చాయ్ హోటల్లో జరిగి చోటు తీసుకున్న మనిషి నోట అది రాలేదు.

"పది నలభైకి ఒకటి వస్తదన్నా. దాన్ని మన దిక్కు తిప్పుత. చూసి చెప్త. అప్పటిదాక ఆగు."

"ఆగాల్నా?"

"ఆ, ఆగు. ఫికర్ జెయ్యకు."

"సరే మరి" అన్నాడు. ఇంకా ఏదో అనబోయినట్టు నాకు అనిపించింది. ఈలోపు నేనే పెట్టేశాను. పని ఉంది కదా.

తొమ్మిదింబావు లోపల మార్పులేమైనా ఉంటే పైకి పంపాలి. ఆ తర్వాత పంపినా ఉపగ్రహం వినదు. ఆ పాసులో అది హైదరాబాద్ మీదుగా దిగి, నిమిషంలోపే కర్ణాటక చేరుతుంది. మా చెరువు ఒక పక్కన, పెద్దాయన మైదానం రెండో పక్కన. ఒక పక్కకి వంగిన మిషన్ రెండో పక్కకి తిరిగి కుదురుకోవడానికి నిమిషం చాలదు. అటో ఇటో ఒకటే.

ఎనిమిదిన్నరకి మా సెక్షన్ హెడ్ గదిలోకి వచ్చింది. నాకంటే పదేళ్ళు చిన్నది, నన్ను సార్ అనే పిలిచేది. "సార్, మీ అన్నయ్యగారిది జల్‌పల్లి సైడే కదా? స్టాఫ్‌ని దించడానికి జీప్ చాంద్రాయణగుట్ట దాకా వెళ్తోంది. మీరూ వెళ్ళిపోండి, ఈ పాస్ నేను చూసుకుంటాను" అంది.

"లేదు మేడమ్, నేను ఇక్కడుంటేనే ఉపయోగం" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఎంత బరువుందో నాకు ఇప్పటికీ గుర్తుంది. వరద కోసం పది నలభై పాస్‌ని తిప్పాలని, అత్యవసరమని చెప్పాను. ఆమె మబ్బుల పటం వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసింది. మబ్బు ఆమెకీ కనబడుతూనే ఉంది. "మధ్యలో ఏమైనా గ్యాప్ ఉంటుందంటారా?" అని అడిగింది. "ఉండొచ్చు" అన్నాను. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్నవాడు ఉండొచ్చు అంటే ఎవరు కాదంటారు? సంతకం పెట్టింది. అడిగినవారు ఎవరు అనే గడిలో నేను "వరద అత్యవసరం" అని రాశాను. వరద ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగదు. అడిగింది నేను.

గ్యాప్ ఉండదని నాకు తెలుసు. మబ్బులు చూసిన ముప్పై ఏళ్ళలో నేర్చుకున్నది అదొక్కటే. అయినా ఎందుకు తిప్పానంటే, మా అన్న మునిగిపోతాడేమోనన్న భయంతో చేతులు ఊరుకోలేదు. ఏదో ఒకటి చేస్తున్నానన్న ఊరట కావాలి. ఆ ఊరట కోసం నా చేతికి అందుబాటులో ఉన్న పెద్ద వస్తువు ఆ ఉపగ్రహం. మనిషికి భయమేసినప్పుడు తనకి బాగా వచ్చిన పనే చేస్తాడు. అది అవసరమైన పనా కాదా అని చూసుకోడు.

ఎనిమిదీ యాభైకి పెద్దాయన దగ్గర్నుంచి మెసేజ్. "స్కై క్లియర్. పలక పరిచేశాను. రెడీ." కింద ఒక చెయ్యెత్తిన బొమ్మ.

చదివాను. జవాబు ఇవ్వలేదు. పది నిమిషాల తర్వాత వంపు మార్చి ఆజ్ఞలు పంపించాను. తర్వాతైనా ఆయనకి ఫోన్ చేసి "సార్, ఈ పాస్ మీకు రావడం లేదు, నీడలోకి వెళ్ళండి" అని చెప్పొచ్చు. నాకు మొహం చెల్లలేదు. మైదానంలో సిగ్నల్ సరిగ్గా ఉండదులే అని నాకు నేను చెప్పుకున్నాను. మెసేజ్ వచ్చిన సిగ్నల్‌కి నా ఫోన్ వెళ్ళదా? ఆయన నల్ల బట్టల్లో, వట్టి కాళ్ళతో, ఎండలో నిలబడి, పది నలభై ముందూ తర్వాతా ఆ నేలని కొలుస్తూనే ఉన్నాడు. అతి శుభ్రమైన ఆకాశం. ఆయన సర్వీసులో అంత మంచి కొలత ఎప్పుడూ రాలేదని తర్వాత ఆ నోట్‌బుక్ చూసినవాళ్ళు చెప్పారు.

పది నలభైకి పాస్ వచ్చింది. ఆరు నిమిషాలకి బొమ్మ స్క్రీన్ మీద తెరుచుకుంది.

తెలుపు. ఈ కొస నుంచి ఆ కొస దాకా తెలుపు. నేను దాన్ని పెద్దది చేశాను. ఇంకా పెద్దది చేశాను. ఎంత పెద్దది చేసినా ఇంకా తెల్లటి తెలుపు తప్ప ఏమీ లేదు. ఆ కింద ఎక్కడో రెండు బూడిదరంగు చుక్కలు, వాటి పక్కన మా అన్న. ఫోన్ చేశాను. స్విచ్ఛాఫ్. మళ్ళీ చేశాను. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కిటికీ లేని గదిలో నేను అంత ఒంటరిగా అంతకు ముందు ఎప్పుడూ లేను.

జల్‌పల్లి చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. చాంద్రాయణగుట్ట నుంచి నడిచే వెళ్ళాను. నడుముల్లోతు నీళ్ళు, తేలుతున్న గ్యాస్ సిలిండర్లు, ఒక మంచం, ఎవరివో స్కూలు సంచులు. చెరువు కట్ట ఒక పక్కన పదిన్నరకి తెగిందట. అన్న కొట్టం ఎదురింటి మేడ మీద కూర్చుని ఉన్నాడు, ఎవరో ఇచ్చిన లుంగీ కట్టుకుని. ఆయన్ని పైకి లాగింది ఆ ఇంటాయన, వెల్డింగ్ పని చేసే మనిషి. నన్ను చూడగానే రెండు చేతులూ పైకెత్తాడు.

"క్యా బోలూఁ సాబ్, ఎంత పిల్చినా రానంటడు. బర్రెలను ఇడ్సి నేను రాను, మా తమ్ముడు ఫోన్ జేస్తడు అంటడు. నీళ్ళు ఛాతీ దాక వచ్చినంక గల్లా పట్టుకోని గుంజిన."

పదకొండు బర్రెల్లో ఏడు పోయాయి. కట్టుకొయ్యల దగ్గరే పోయాయి. ఆ ఏడింటి సంగతి ఇంతకంటే రాయలేను.

అన్న నన్ను చూసి, "అన్నం తిన్నవా?" అని అడిగాడు.

"అన్నా, బొమ్మ వచ్చింది గని..." అని మొదలుపెట్టాను.

"మబ్బు అడ్డమొచ్చిందా?"

తలూపాను. ఆయన కూడా తలూపాడు. అక్కడ చేరినవాళ్ళు నలుగురైదుగురు మమ్మల్నే చూస్తున్నారు. మా అన్న వాళ్ళకేసి తిరిగి, "మా తమ్ముడు జూసిండు. గంత మీదికెల్లి మనకోసం తిప్పి మరీ జూసిండు. మబ్బు అడ్డమొస్తే ఆడేం జేస్తడు?" అన్నాడు. ఒక్కడైనా నవ్వుతాడేమో, ఒక్కడైనా తిడతాడేమోనని చూశాను. అందరూ అవునవును అన్నారు. ఒకాయన నా భుజం తట్టాడు కూడా.

పెద్దాయన నాలుగు రోజుల తర్వాత మైదానం నుంచి వచ్చాడు. పాస్‌లో ఏ నేల వచ్చిందో చూడాలంటే ఆయన ఎవర్నీ అడగక్కర్లేదు. జాబితాలోనే ఉంటుంది. నా గదికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "ఏమైనా కనబడిందా?" అని అడిగాడు.

"లేదు సార్."

"మీవాళ్ళు?"

"అన్న బాగానే ఉన్నాడు సార్. బర్రెలు పోయాయి."

"అయ్యో" అన్నాడు. నిజంగానే అన్నాడు. తర్వాత, "నాకొక ఫోన్ చేయాల్సింది. తిప్పొద్దని కాదు, నేనైతే నీకంటే ముందే తిప్పేవాణ్ణి. ఫోన్ చేయాల్సింది" అని వెళ్ళిపోయాడు.

తెల్ల పలకని తనే పెట్టెలో సర్ది, తాళం చెవి స్టోర్‌లో అప్పగించాడు. ఆ నెలాఖరున శాలువా, దండ, సమోసాలు, మామూలే. ఆయన మాట్లాడుతూ ఇన్నేళ్ళలో తనకి సాయపడినవాళ్ళందరి గురించీ చెప్పాడు. డ్రైవర్ గురించి, లాడ్జి వాచ్‌మన్ గురించి కూడా చెప్పాడు. నా గురించి మంచీ చెప్పలేదు, చెడూ చెప్పలేదు. కొత్త ఉపగ్రహం లెక్క ఆరు నెలల తర్వాత వేరేవాళ్ళు దిద్దారు. తప్పు కొత్తదానిదే. పెద్దాయన చెప్పినంతే తేడా. ఆ రిపోర్టులో ఆయన ఆఖరి కొలత తేదీ దగ్గర ఒక గీత మాత్రం ఉంది, బొమ్మ అందుబాటులో లేదని. అది టైప్ చేయించింది నేనే. పండగలకి ఇప్పటికీ నేను మెసేజ్ పెడతాను. ఆయన నమస్కారం బొమ్మ పంపుతాడు. అంతకు మించి ఏమీ రాయడు, నేనూ రాయను.

నా మీద విచారణ లేదు. మెమో లేదు. సెక్షన్ హెడ్ ఆ పాస్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఇంట్లో లేదు, ఆఫీసులో లేదు, గల్లీలో లేదు. ఎవరో ఒకరు నిలదీస్తే నేను కూడా గట్టిగా ఏదో ఒకటి అని, గొడవపడి, తేలికపడేవాణ్ణి. అందరూ మంచివాళ్ళే దొరికారు. మంచివాళ్ళ మధ్య తప్పు ఒంటరిగా మోయాల్సి వస్తుంది. మీరు ఇంకా చిన్నవాళ్ళు, ఇది అర్థం కాకపోతే అదృష్టమే అనుకోండి.

అన్న మిగిలిన నాలుగు బర్రెలను అమ్మేశాడు. జల్‌పల్లిలోనే మెరక మీద ఒక కొత్త కాలనీలో పాల బూత్ పెట్టాడు. ప్యాకెట్ పాలు. తాత నాటి నుంచి పాలు పిండిన చేతులు ఇప్పుడు ప్లాస్టిక్ ప్యాకెట్లు అందిస్తున్నాయి. ఆయనకి దాని గురించి దిగులున్నట్టు కనబడదు. రిటైరయ్యాక నేను వారానికి రెండు మూడు సార్లు అక్కడికి వెళ్ళి కూర్చుంటాను. ఎక్కువ మాట్లాడుకోం. కాలనీవాళ్ళతో మాత్రం ఆయన ఇంకా అంటూనే ఉంటాడు, "మా తమ్ముడు మీదికెల్లి సూశెటోడు" అని.

ఆ మాట నన్ను ఏళ్ళ తరబడి కాల్చింది. ఈ మధ్య ఒక ఉదయం, గిరాకీ తగ్గాక, ఇక ఆగలేక చెప్పేశాను.

"అన్నా, ఆ రోజు మబ్బుంటదని నాకు ముందే తెలుసు. ఏం కనబడదని తెలిసే నీకు ఆగుమని చెప్పిన. ఆగకుంటే బర్రెలు దక్కేటివి. నువ్వు అందరికీ గట్ల చెప్తుంటే నాకు మస్తు కష్టమైతున్నది. నన్ను తిట్టు, గని గట్ల చెప్పకు."

అన్న ఖాళీ ట్రేలు ఒకదాంట్లో ఒకటి పెడుతున్నాడు. పెట్టడం ఆపలేదు.

"మబ్బు కింద నిలబడ్డది నేను గదరా. మబ్బుందని నాకు తెల్వదా?"

"మరెందుకు అడిగినవే?" అన్నాను.

ఆయన ట్రేలన్నీ పెట్టేసి, లుంగీకి చేతులు తుడుచుకున్నాడు. నా వైపు చూడలేదు. రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు.

"బర్రెలను నీళ్ళల్లకెల్లి దాటియ్యాలంటె ముంగట ఒకడు పెద్దబర్రెను పట్టుకోని నడ్వాలె. ఎన్క ఒకడు అదిలించాలె. ఇడ్సిపెడితె బెదిరి ఎటో ఉర్కుతయి, మురికి నాలలల్ల పడ్తయి. కొట్టంల పనిచేసే జీతగాడు ఊరికి పోయిండె. నేనొక్కణ్ణే ఉంటి."

"ఒక్కణ్ణే ఉన్ననని చెప్పచ్చు గదనే! రమ్మంటే రాకపోదునా? ఆఫీసుల జీప్ తయారుగ ఉండె!"

"చెప్దమనే ఫోన్ జేసిన." అన్న మొట్టమొదటిసారి నా మొహంలోకి చూశాడు. కోపం లేదు, అదే నేను భరించలేకపోయింది. "నువ్వు పది నలభై అంటివి. మిషిని తిప్పుత అంటివి. గంత పెద్ద పనిల ఉన్నోణ్ణి, వచ్చి బర్రె పట్టుకోరా అని ఎట్లంటరా?"

ఎవరో అరలీటరు ప్యాకెట్ అడిగారు. అన్న లేచి వెళ్ళి ఇచ్చాడు.